మగదే అన్నాడు

"చచ్చిపోతుంది చూడు. మన ఇంట్లో అది చచ్చిపోతుంది."

కారు కదలకముందే అంది మార్లిస్.

ఇంజను ఇంకా వేడెక్కలేదు. ముందు అద్దం మీద మంచు పూలు. ఆమె నోటి నుంచి వచ్చిన మాట తెల్లటి ఆవిరై అద్దానికి తగిలి, అక్కడే గడ్డకట్టింది.

వెనక సీట్లో కైసా. పదకొండేళ్ళ పిల్ల. ఒళ్ళో నీలం పెట్టె. వేసవిలో వాళ్ళ నాన్న చేపలు పట్టి ఐసులో దాచే పెట్టె అది. ఇవాళ అందులో ఐసు లేదు. తువ్వాలు చుట్టిన వేడినీళ్ళ సీసాలు రెండున్నాయి. ఊసరవెల్లిని ఇంటికి తెచ్చేటప్పుడు దారిలో చలి తగలకూడదని.

"దాని వేడి దీపం పేలుతుంది. ఇల్లంటుకుంటుంది. దాని మేతకి తెచ్చే కీచురాళ్ళు తప్పించుకుని పరుపుల్లో దూరతాయి. నీ చేతికి ఏదో రోగం పట్టుకుంటుంది. వింటున్నావా?"

"వింటున్నానమ్మా."

"ఆడదైతే మాత్రం వద్దు. ముందే చెప్తున్నా."

"ఊఁ."

"ఊఁ కాదు. ఆడదైతే గుడ్లు పెడుతుంది. మగతోడు లేకపోయినా పెడుతుంది. అవి లోపల అడ్డం పడితే అంతే. ఎవరు పడతారు ఆ నరకం? మగదైతేనే."

లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకంలో ఆ ఒక్క పేజీ మార్లిస్ నాలుగుసార్లు చదివింది. మిగతా పేజీలు ఒక్కసారే.

భయపడే మనిషి మార్లిస్.

భయపడి ఊరుకునే మనిషి మాత్రం కాదు.

బడి వంటగదిలో ఆమె పక్క పొయ్యి బెవర్లీది. తొమ్మిదేళ్ళ కిందట చర్చి విందులో, మార్లిస్ వండిన బంగాళదుంపల్లో ఉప్పు చాలలేదంది బెవర్లీ. నవ్వుతూనే అంది. ఇవాళ్టికీ వాళ్ళిద్దరికీ మాట లేదు. గరిటె కావాలన్నా మూడో మనిషి చేత అడిగించుకుంటారు.

ఆమె లోపల ఏదీ కరగదు. మంచు మీద మంచు పేరుకున్నట్టు... అడుగుది అడుగునే ఉంటుంది.

*

దులూత్‌లో, సరస్సు ఒడ్డున పెద్ద హాలు.

ఏడాదికి రెండుసార్లు అక్కడ పాముల సంత. బయట సున్నాకి పదిహేను కింద. లోపల ఎడారి. బల్ల మీద బల్ల, దీపం పక్కన దీపం, గాజు పెట్టెల్లో చుట్టలు చుట్టలుగా నిద్ర. గాలిలో తడి ఆకుల వాసన, పురుగుల వాసన. కోట్లు విప్పి చంకన పెట్టుకుని జనం.

చివరి బల్ల రస్ కోవాచ్‌ది. ఎర్రగడ్డం. గడ్డంలో రొట్టె నలుసులు. మోచేతి దాకా చొక్కా మడిచి ఉంది. ఆ మోచేతి మీద...

చిగురాకు.

చిగురాకు కాదు. ఊపిరి పీల్చింది.

ఒక కన్ను కైసా వైపు తిరిగింది. రెండో కన్ను మార్లిస్ వైపు తిరిగింది. ఒకే ప్రాణం, రెండు చూపులు. తల మీద చిన్న శిఖరం. శనగగింజంత చిన్న పిడికిళ్ళు. వాటితో రస్ వెంట్రుకల్ని పట్టుకుని ఉంది.

కైసా ఊపిరి ఆగింది. తల్లి ఆ ఆగడం విన్నది.

సీసాలు చల్లారాయి. కాఫీ కొట్టు దగ్గర వేడినీళ్ళు పట్టుకొస్తానని మార్లిస్ వెళ్ళింది. వరుసలో పది నిమిషాలు. తిరిగొచ్చేసరికి కైసా బల్ల మీదకి వంగి ఉంది. రస్ చెవి దగ్గర ఏదో అంటోంది. తల్లిని చూసి నిటారుగా నిలబడింది.

"మగదా, ఆడదా?" అడిగింది మార్లిస్.

రస్ ఆమె వైపు చూడలేదు. మోచేతి మీద చిగురాకునే చూశాడు.

"మగదే."

"ఖాయంగానా? నాకు ఆడది వద్దు."

"మగదేనండీ. తీసుకెళ్ళండి."

వెళ్తుంటే వెనక నుంచి కేకేశాడు. "పాపా! నేను చెప్పింది మరిచిపోకు!"

"మరిచిపోను!"

మేత సంగతి కాబోలు అనుకుంది మార్లిస్.

*

మార్లిస్ దానికి తోయివో అని పేరు పెట్టింది. తన తాత పేరు. ఇనుప గనిలో ముప్పై ఏళ్ళు ఎర్రదుమ్ము మింగిన తాత. ఎవరితోనూ రెండు మాటలకు మించి మాట్లాడని తాత. ఊసరవెల్లి ముఖంలో ఆ బిగింపే కనిపించిందామెకు.

కైసా మాత్రం ఆ పేరుతో ఒక్కసారీ పిలవలేదు.

మొదటి మూడు రోజులు వాడు నీళ్ళు తాగలేదు.

మార్లిస్ గిన్నెలో పెట్టింది. చల్లగా ఉన్నాయేమోనని గోరువెచ్చగా పెట్టింది. గిన్నె నచ్చలేదేమోనని పూలగిన్నె పెట్టింది. వాడు గిన్నె పక్క నుంచి రాజులా నడిచి వెళ్ళిపోయాడు.

"చూశావా? చెప్పానా? చచ్చిపోతాడు!"

నాలుగో రోజు పొద్దున కైసా ఆకుల మీద నీళ్ళు చిమ్మింది. ఒక బొట్టు ఆకు ఈనె వెంట జారింది. చివర ఆగింది. వణికింది.

వాడు నాలుక చాపాడు.

గిన్నెలో నీళ్ళు వాడికి నీళ్ళు కావు. జారేవే నీళ్ళు. మెరిసేవే నీళ్ళు.

ఆ రోజు నుంచి మార్లిస్ బతుకు బొట్లు బొట్లు అయింది.

పొద్దున లేవగానే బొట్లు. బడికి వెళ్ళేముందు బొట్లు. పిల్లల భోజనాలవగానే, చేతులు తుడుచుకోకుండానే, మంచులో ఆరు వీధులు దాటి ఇంటికొచ్చి బొట్లు. ఇంట్లో కొలిమి లాంటి వేడిగాలి గొట్టాలు తడినంతా పీల్చేస్తాయి. అందుకని పంజరం చుట్టూ తడి తువ్వాళ్ళు. కీచురాళ్ళకి తెల్లటి కాల్షియం పొడి అద్దడం, చేపముక్కకి పిండి అద్దినట్టు. పట్టకారుతో పట్టుకుని చాపితే... ఒక మెరుపు. టక్. పట్టకారు ఖాళీ.

మొదట అరిచేది. తరువాత నవ్వేది.

చెల్లెలు జోలీన్ ఫోన్లో ఎగతాళి చేసేది. "ఏమే అక్కా, నీ మొగుడికి ఇన్నిసార్లు నీళ్ళిచ్చి ఉంటే ఆయన డకోటా చమురు బావుల దగ్గర మూడేసి వారాలు ఎందుకుంటాడే?"

"నోర్ముయ్యవే. వాడికిప్పుడు స్నానం టైము."

"ఎవరికి, బావకా?"

"తోయివోకి!"

అన్నిటికీ భయపడింది మార్లిస్. దీపానికి, తీగలకి, కరెంటు పోవడానికి, తలుపు సందు నుంచి వచ్చే గాలికి, తన చేతి సబ్బు వాసనకి. దేనికి భయపడాలో దానికి తప్ప. ఆ ఒక్కదాన్నీ సంతలోనే వదిలి వచ్చింది. మగదే అన్నాడు కదా.

*

ఫిబ్రవరిలో వాడి మీద రంగులు పూశాయి.

ముదురాకుపచ్చ మీద నీలం చుక్కలు. పసుపు మచ్చలు. రోజుకో చుక్క ఎక్కువ. కిటికీ బయట ఊరంతా తెలుపు, గనుల గుట్టలు తెలుపు, ఆకాశం తెలుపు. ఆ తెలుపు మధ్య పంజరంలో పండగ.

"సంతోషంగా ఉన్నాడు! చూడవే కైసా, ఎంత సంతోషంగా ఉన్నాడో! నేనే... నేనే ఇంత బాగా చూసుకున్నాను!"

తన జీవితంలో దేన్నీ చావకుండా పెంచగలనని ఆమె ఏనాడూ అనుకోలేదు.

ఫొటో తీసింది. చెల్లెలికి పంపింది. బడి వంటగదిలో అందరికీ చూపింది, బెవర్లీకి కూడా కనిపించేలా ఎత్తి పట్టుకుని.

కైసా చూసింది. రంగు పోయింది ఆ పిల్ల ముఖంలో.

"అమ్మా, ఒక తొట్టిలో తడి ఇసుక పెడదాం."

"ఎందుకు?"

"ఊరికే... ఆడుకోడానికి."

"ఇసుకా? పంజరంలోనా? బూజు పడుతుంది. పురుగులు పడతాయి. ఇసుక మింగితే పేగు బిగుసుకుంటుంది. చంపుదామనా?"

"చిన్న తొట్టి అమ్మా. ఇంతే. లోతుగా..."

"వద్దన్నానా!"

ఆ మధ్యాహ్నం పెరట్లో చప్పుడు. టంగ్... టంగ్... మార్లిస్ తలుపు తీసి చూసింది. మోకాళ్ళలోతు మంచు తవ్వి, అడుగున రాయిలా గడ్డకట్టిన నేలని వడ్డన గరిటెతో కొడుతోంది కైసా. చేతి తొడుగులు లేవు. గరిటె వంగిపోయింది.

"మా అమ్మ గరిటె అది! పిచ్చా నీకు? వేళ్ళు రాలిపోతాయి, లోపలికి రా!"

పిల్ల నోరు తెరిచింది. ఏదో చెప్పబోయింది.

నోరు మూసుకుంది.

గురువారం వాడు కొమ్మ దిగాడు.

ఎప్పుడూ దిగనివాడు నేలకి దిగాడు. పంజరం అడుగున పరిచిన కాగితాన్ని గోకాడు. ముందు కాళ్ళతో. మూల నుంచి మూలకి. గోకడం, ఆగడం, గోకడం.

పారిపోదామని చూస్తున్నాడు అనుకుంది మార్లిస్. పడిపోయాడేమో అనుకుంది. కాలు నొప్పేమో అనుకుంది. రెండు చేతులతో మెల్లగా ఎత్తి కొమ్మ మీద పెట్టింది.

దిగాడు.

పెట్టింది.

దిగాడు.

శుక్రవారం పన్నెండుసార్లు ఎత్తి పెట్టింది. ముద్దుగా తిడుతూ పెట్టింది. శనివారం కాగితం తీసేసి నున్నటి రేకు పరిచింది, గోకకుండా.

ఆ రేకు మీద గోళ్ళ చప్పుడు ఆదివారం దాకా వినిపించింది.

సోమవారం వినిపించలేదు.

*

నీలం పెట్టె. వేడినీళ్ళ సీసాలు. దులూత్ దారి. గంటంబావు. సీసాలు చల్లారకముందే లోపలిది చల్లారింది.

పశువుల డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది. మెల్లగా మాట్లాడింది.

"ఇది ఆడదండీ."

"కాదు. మగదే అన్నాడు."

"మడమ దగ్గర చూడండి. మగదానికి ఇక్కడ చిన్న ముల్లులా ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ ఉంటుంది. దీనికి లేదు. ఊసరవెల్లి అమ్మేవాళ్ళు ఎవరైనా మొదట చూసేది ఇదే."

"మగదే అన్నాడు..."

"కడుపులో నలభై పైన గుడ్లున్నాయండీ. ఈ రంగులు వచ్చాయంటే గుడ్లతో ఉన్నట్టు. నన్ను ముట్టుకోవద్దు అని చెప్పడం. నేలకి దిగి గోకి ఉంటుందే?"

మార్లిస్ ఖాళీ నీలం పెట్టె మూత వేసింది.

"తవ్వడానికి చోటు వెతుక్కుంది పాపం. తవ్వలేకపోతే పెట్టలేదు. ఒక తొట్టెడు తడి ఇసుక ఉంటే..."



మార్లిస్ పక్కకి చూడలేదు. పక్కన కైసా ఉంది. తడి ఇసుక అన్న మాట ఇద్దరి చెవుల్లోనూ పడింది. ఇద్దరి మధ్యా పడింది. అక్కడే ఉండిపోయింది.

తిరుగు దారిలో పిల్ల మాట్లాడలేదు.

మర్నాడూ మాట్లాడలేదు.

*

ఆ దేశంలో చలికాలం పోయినవాళ్ళు మట్టిలో చేరడానికి వసంతం దాకా ఆగాలి. నేల నాలుగడుగుల లోతు గడ్డకడుతుంది, పార దిగదు. తాత తోయివో కూడా స్మశానం పక్క రాతిగదిలో మేనెల దాకా ఆగాడు.

ఈ తోయివో ఐస్‌క్రీమ్ బకెట్లో ఆగింది. తెల్లటి ప్లాస్టిక్ బకెట్, మూత గట్టిది. ఐస్‌క్రీమ్ అయిపోయాక ఆ ఊళ్ళో ఏ ఇంట్లోనూ అలాంటి బకెట్టు పారెయ్యరు. సూపు పోస్తారు, మేకులు పోస్తారు. మార్లిస్ తన దిండు గలేబు చింపి చుట్టి, మూత పెట్టి, పెద్ద ఫ్రీజర్లో జింకమాంసం పొట్లాల పక్కన పెట్టింది.

మూత పెట్టాక ఏడవలేదు.

ఏడిస్తే పోతుంది. లోపలిది బయటికి పోతుంది. పోనివ్వదలుచుకోలేదు.

మగదే అన్నాడు.

మడమ చూసి ఉంటాడు. చూసే ఉంటాడు. చూసి, తన ముఖం చూడకుండా, మగదే అన్నాడు.

పొద్దున లేవగానే ఒక బొట్టు. బడికి వెళ్ళేముందు ఒక బొట్టు. పిల్లల భోజనాలవగానే ఒక బొట్టు. నీళ్ళు చిమ్మిన చేత్తోనే ఇప్పుడు పగకి నీళ్ళు చిమ్మింది. అది ఆకు వేసింది. కొమ్మ వేసింది. నలభై పైన గుడ్లు పెట్టింది.

రస్ ఇచ్చిన కాగితం మీద నంబరు ఉంది. చేసింది. ఎత్తలేదు. రాసింది. బదులు లేదు. మళ్ళీ రాసింది.

*మగదని ఎందుకు చెప్పావు?*

అంతే రాసేది. వేరే మాట లేదు. తిట్టు లేదు. వారానికి రెండుసార్లు, అదే ఒక్క మాట.

ఒక్కసారి ఎత్తాడు. మార్చిలో. అవతల కీచురాళ్ళ రొద. ఊపిరి.

"మగదని ఎందుకు చెప్పావు?"

రొదలోంచి అన్నాడు, "మీ పాప ఎలా ఉందండీ?"

"నా పిల్ల మాట నీ నోటెంట రానివ్వకు! నీ ముఖం మండా! దాని ఉసురు నీకు తగలకపోతే చూడు! నీ బల్ల దగ్గర ఒక్కడు నిలబడకుండా చెయ్యకపోతే నా పేరు మార్లిస్ కాదు!"

ఫోను పెట్టేసి చూస్తే గుమ్మంలో కైసా.

ఎంతసేపటి నుంచి ఉందో. ముఖంలో ఏమీ లేదు. తెల్లగా ఉంది.

"వాడే. వాడే చంపాడు," అంది మార్లిస్. "వాడు నిజం చెప్పి ఉంటే నేను కొనేదాన్నా? కొని ఉంటే ఇసుక పెట్టనా? చెప్పవే... పెట్టనా?"

పిల్ల వెళ్ళిపోయింది.

అదీ ఆమెను కోసే కత్తి. పిల్ల తిట్టి ఉంటే బాగుండు. నువ్వే చంపావు, నేను ఇసుక పెడదామంటే వద్దన్నావు అని అరిచి ఉంటే బాగుండు. అన్నం పెడితే తింటుంది. బడికి వెళ్తుంది. అడిగితే తలూపుతుంది. మాట మాత్రం లేదు. మంచు మీద మంచు... తన కడుపున పుట్టిన పిల్ల కదా. తననే చూసి నేర్చుకుంది.

రస్ కోవాచ్ నోరు తెరవాలి. నలుగురి ముందు తెరవాలి. నేనే అబద్ధం చెప్పాను, నా వల్లే పోయింది అనాలి. ఆ మాట కైసా చెవిన పడాలి. అప్పుడు పిల్ల తల్లితో మాట్లాడుతుంది.

పగ అంటే ఇంతే ఆమెకు. ఒకడి నోటి నుంచి ఒక్క మాట.

"వదిలెయ్యవే అక్కా," అంది జోలీన్. "బల్లి కోసం మనిషిని తింటావా?"

"వాడు మనిషి కాదు."

"పోనీ బల్లి అనుకో. వదిలెయ్."

"నవ్వకు. నవ్వితే నీతోనూ మాట్లాడను."

జోలీన్ నవ్వడం మానేసింది. అక్క సంగతి తెలుసు.

ఏప్రిల్ చివర కప్పు అంచు నుంచి మంచు కారడం మొదలైంది. గనుల గుట్టలు ఎర్రగా బయటపడ్డాయి. పెరడు మెత్తబడింది. ఒక పొద్దున పెరటి తలుపుకి పార ఆనించి ఉంది. కైసా పెట్టింది.

మార్లిస్ దాన్ని తీసుకెళ్ళి షెడ్డులో పెట్టింది.

మర్నాడు మళ్ళీ తలుపు దగ్గర పార.

మళ్ళీ షెడ్డులో పెట్టింది.

"ఇంకా కాదు," అంది. "ముందు వాడు చూడాలి."

*

మేనెల సంత. అదే హాలు. సరస్సు మీద మంచుపలకలు విరిగి ఒడ్డుకి కొట్టుకుంటున్నాయి, గాజు పగిలే చప్పుడుతో.

కైసా రానంటుందనుకుంది. పిల్ల ముందే కారెక్కి కూర్చుంది. బకెట్టు తన ఒళ్ళో పెట్టుకుంది. చలికి తొడలు ఎర్రబడినా దించలేదు.

చివరి బల్ల. ఎర్రగడ్డం. మోచేతి మీద మరో చిగురాకు.

మార్లిస్ బకెట్టు బల్ల మీద పెట్టింది. మెల్లగానే పెట్టింది. చుట్టుపక్కల నాలుగు బల్లలవాళ్ళు తలలు తిప్పారు.

మూత తీసింది.

గలేబు విప్పింది. మంచు పొర కింద ముడుచుకున్న చిన్న పిడికిళ్ళు. ఏ రంగూ లేదు. నీలం లేదు, పసుపు లేదు.

"గుర్తుపట్టావా?"

రస్ చూశాడు. మోచేతి మీది ప్రాణాన్ని తీసి మెల్లగా పంజరంలో పెట్టాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

గుర్తుపట్టాడు.

"మగదని ఎందుకు చెప్పావు?"

రస్ తన కుర్చీ లాగి ఆమె వైపు పెట్టాడు. కూర్చోమన్నట్టు.

ఆమె కూర్చోలేదు. జనం వైపు తిరిగింది. బడిలో మూడు వందల మంది పిల్లల రొదని ఒక్క కేకతో ఆపే గొంతు అది.

"రండి! చూడండి! ఆడదాన్ని మగదని అమ్ముతాడు ఈయన! పిల్లల ముఖం చూసి అమ్ముతాడు! కడుపునిండా గుడ్లతో రేకు మీద గోకి గోకి చచ్చింది, చూడండి!"

మనవరాలి చెయ్యి పట్టుకున్న ఒక ముసలాయన ఆగాడు. బకెట్లోకి చూశాడు. మనవరాలి కళ్ళు మూశాడు. వెళ్ళిపోయాడు.

ఒక జంట వచ్చింది. విన్నది. వెళ్ళిపోయింది.

"ఈయన దగ్గర కొన్నారా? కొన్నారా? మడమ చూసుకున్నారా?"

చేతిలో గుడ్డ కప్పిన పంజరంతో ఒకామె వెనక్కి వచ్చింది. "నాకు వద్దండీ. తిరిగి తీసుకోండి," అంది రస్‌తో. అతను తీసుకున్నాడు. తలొంచుకుని తీసుకున్నాడు.

పక్క బల్ల పాములాయనకి ఒళ్ళుమండింది. "ఏందమ్మా ఈ గోల! నీ బల్లిని నువ్వు సాకలేక చంపుకుని, బకెట్లో ఊరేగిస్తా మా బేరాలు చెడగొడతావా? ఇసుక పెట్టావా అసలు?"

"ఊరుకో లెన్," అన్నాడు రస్.

ఆ రోజు అతను నోరు విప్పింది ఆ ఒక్కసారే.

ఇసుక పెట్టావా అసలు. ఆ మాట మార్లిస్ చెవిలో దిగింది. ఇంకా గట్టిగా అరిచింది. గొంతు బొంగురుపోయేదాకా అరిచింది. ఇరవై ఏళ్ళ నుంచి ఆ బల్ల ఆ మూలే ఉందట. అరగంటలో దాని ముందు ఖాళీ నేల పడింది. గుండ్రంగా, పెద్దగా. మంచు కరిగిన చోటులా.

తియ్యగా ఉంది. ఒప్పుకోవాలి... చాలా తియ్యగా ఉంది. ఇన్ని నెలలు పోసిన నీళ్ళకి పండు పండింది. ఎర్రగడ్డం కింద మెడ ఎర్రబడటం చూసింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల మీద పొడి తుడవడం చూసింది. తుడిచిన చోటే తుడవడం చూసింది.

ఇంకొక్క మాటే మిగిలింది. ఆ మాట.

"చెప్పు," అంది. గొంతు తగ్గించింది ఇప్పుడు. "నా కూతురి ముందు చెప్పు. మడమ చూశావు కదా?"

తలూపాడు.

"ఆడదని తెలుసు కదా?"

తలూపాడు.

జనంలో ఎవరో ఛీ అన్నారు.

"మరి మగదని ఎందుకు చెప్పావు?"

అతని పెదవి కదిలింది. మాట గొంతు దాకా వచ్చినట్టే ఉంది. కళ్ళెత్తాడు. ఎత్తిన కళ్ళు ఎటో పోబోయి... ఆగి... మళ్ళీ బల్ల మీదకి దిగాయి.

మింగేశాడు.

"చెప్పవేం? నోరు పడిపోయిందా? సంతలో మోగింది కదా ఆ నోరు, మగదే మగదే అని! ఎందుకు చెప్పావు?"

దీపాల రొద.

బయట మంచుపలకల చప్పుడు.

బకెట్టు గోడ మీద మంచు కరిగి బొట్టయింది. జారింది. ఇంకొకటి జారింది.

ఎవరూ కదలలేదు. పాములాయన కూడా బేరం ఆపి చూస్తున్నాడు. రస్ కోవాచ్ రెండు చేతులూ బల్ల మీద ఆనించి నిలబడ్డాడు, ఎంతసేపైనా అలాగే నిలబడేవాడిలా. ఇంకా అనండి, ఇంకా ఎన్నైనా అనండి, అన్నట్టుగా.

మార్లిస్ ఆగింది. ఆగడం ఆమెకు కొత్త కాదు. తొమ్మిదేళ్ళు ఆగిన మనిషి. వాడు చెప్పేదాకా కదలదు. హాలు మూసేసినా కదలదు.



అప్పుడు ఆమె చేతి సంచీ పట్టీ ఎవరో లాగారు.

కైసా. తల్లి వైపు చూడటం లేదు. బకెట్లోకీ చూడటం లేదు. ఎర్రగడ్డం వైపు చూస్తోంది. ఆయన చిన్నగా తల అడ్డంగా ఊపాడు... వద్దు పాపా, అన్నట్టు.

పిల్ల పెదవులు ఒకదాన్నుంచి ఒకటి విడివడటానికే చాలాసేపు పట్టింది. ఫిబ్రవరి నుంచి వాడని గొంతు. గీరుకుంటూ వచ్చింది.

"నేనే చెప్పమన్నానమ్మా."